పుస్తకాలు చదివే అమ్మాయికి ఏ కోర్సు?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తల్లి రాశారు: "మా అమ్మాయి ఎంపీసీ సెకండియర్ రాసింది. చిన్నప్పుడు మేమే పుస్తకాలు కొనిచ్చాం, ఇంటర్‌లో దాచేశాం. ఇప్పుడు జనం ఎందుకు చదువుతారో, ఎందుకు మానేస్తారో పరిశోధన చేస్తానంటోంది. మేం సీఎస్ఈ ఏఐ అంటున్నాం. సైకాలజీ, లైబ్రరీ సైన్స్, ఏఐల్లో ఏది మేలో చెప్పి, దానికి కాస్త నచ్చజెప్పండి."

అమ్మా, మీరు అడిగింది కోర్సుల గురించే కానీ, మీ బెంగ "రేపు దీనికి కూడు పెట్టేదేంటి" అని. ఆ బెంగ న్యాయమైనదే.

ఏఐ సంగతి ముందు చెబుతాను. ఆ బ్రాంచి మీది మోజు చూస్తే నాకు గుబులుగా ఉంది. పేరు కొత్తది, చాలాచోట్ల చెప్పే అధ్యాపకులు పాతవాళ్లే. లెక్కలూ కోడింగూ ఇష్టమైన పిల్లలకు అది మంచి చదువే. పక్కింటి అబ్బాయి ప్యాకేజీ చూసి చేరినవాళ్లు మాత్రం రెండో ఏడాదికే బ్యాక్‌లాగులతో నా ముందు కూర్చుంటున్నారు.

కోప్పడుతున్నానని అనుకున్నా సరే, ఒకటి అడుగుతాను. పుస్తకం దాచాల్సిన వస్తువా? అలవాటు చేసింది మీరే, నేరంలా చూసిందీ మీరే. పిల్ల ఏమనుకోవాలి?

తను అడిగేది పగటికల కాదు. 1997లో అమెరికాలో విగ్‌ఫీల్డ్, గత్రీ అనే పరిశోధకులు నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని చదివించేవేమిటో చూడటానికి కుతూహలం, మార్కులు, పోటీ, మెప్పు లాంటి 11 కోణాలు కొలిచారు. మార్కుల కోసం కన్నా లోపలి ఇష్టంతో చదివే పిల్లలే ఎక్కువ చదువుతున్నారని తేల్చారు. మన గుంటూరు హాస్టళ్ల పిల్లల్ని కూడా ఎవరో ఒకరు అడగాలిగా!

సైకాలజీ ఉన్న డిగ్రీ, ఎంఏ, నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష), పీహెచ్‌డీ ఒక దారి. ఎంపీసీలో చదివిన లెక్కలు స్టాటిస్టిక్స్‌లో అక్కరకొస్తాయి. లైబ్రరీ సైన్స్‌కి ఏ డిగ్రీ తర్వాతైనా ఏడాది బీఎల్ఐఎస్సీ ఉంది, కాబట్టి ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. పరిశోధన దారిలో స్థిరమైన జీతానికి పదేళ్లు పట్టొచ్చు, అది దాచను. అయినా తెలివైన పిల్ల ఆకలితో ఉండిపోదమ్మా.

ఈ సెలవుల్లో దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికి రెండు వారాలు పంపండి. రోజుకి నలుగురిని "ఏం తీసుకున్నారు, ఎందుకు" అని అడిగి రాసుకోమనండి. వారానికే విసుగొస్తే ఆమె ఇష్టం చదవడం వరకే. ఇంకా అడగాలనిపిస్తే పరిశోధన మీద కూడా ఉన్నట్టే. ఆ నోట్‌బుక్ పట్టుకుని ఇద్దరూ విజయవాడ రండి, మాట్లాడదాం. దాచిన పుస్తకాలు మాత్రం ఈ రాత్రికే ఇచ్చేయండి.