బ్లాంకు కొనే ముందు ఒక్క మాట

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

సముద్రపు ఒడ్డున నిలబడి చేపలు పట్టే సర్ఫ్ రాడ్ సొంతంగా కట్టుకోబోతున్నావనీ, అందుకు 13 అడుగుల బ్లాంకు, అంటే ఇంకా ఏమీ బిగించని ఒట్టి గడ, చూసిపెట్టుకున్నావనీ అక్కయ్య ఫోనులో చెప్పింది. కూర్చుని దారం చుట్టి, ఎపాక్సీ జిగురు పూసి, నీ చేతులతో నీ రాడ్ తయారు చేసుకోవాలనే కోరిక నీకు కలిగినందుకు చాలా గర్వపడ్డాను. ఆ 13 అడుగుల మాట వినగానే మాత్రం గుండె ఝల్లుమంది.

అంత పొడవైన బరువు బ్లాంకులు నార్త్ కెరొలైనాలోని కేప్ హ్యాటెరస్ వంటి తీరాలకు తగినవి. అక్కడ రెడ్ డ్రమ్ చేపల కోసం 8 ఔన్సుల సీసపు గుండునూ, దానితోపాటు పెద్ద ఎర ముక్కనూ కలిపి దూరంగా విసరాలి. అక్కడివాళ్లు దానిని ‘ఎయిట్ అండ్ బెయిట్’ అంటారు. నువ్వు వెళ్లేది న్యూజెర్సీలోని ఐలాండ్ బీచ్‌కు. అక్కడ స్ట్రైపర్ చేపలు చాలాసార్లు ఒడ్డును ఆనుకుని ఉన్న మొదటి పల్లంలోనే తిరుగుతుంటాయి. నువ్వు వేసేవి ఒకటిన్నర నుంచి 3 ఔన్సుల ప్లగ్గులు (చేప ఆకారంలో చేసిన ఉత్తుత్తి ఎరలు), ఎప్పుడైనా 4 ఔన్సుల సీసం. దానికి 10 అడుగుల బ్లాంకు ధారాళంగా సరిపోతుంది.

మీ నాన్న సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. బావగారు మా ఇంట్లో ఉన్న రోజుల్లో ఒక దుకాణంలో బ్లాంకును చేతిలోకి తీసుకుని, రెండుసార్లు గాలిలో ఊపి, “ఎంత చురుగ్గా ఉందో చూడవోయ్” అంటూ అక్కడికక్కడే కొనేశారు. ఒట్టి బ్లాంకు ఎప్పుడూ చురుగ్గానే అనిపిస్తుంది. గైడ్లు (గాలపు తీగ దూరే ఉంగరాలు), దారం, ఎపాక్సీల బరువు కొసకు చేరాక ఆ చురుకు తగ్గుతుంది. పైగా అది 6 నుంచి 10 ఔన్సులకు చేసినది. ఎంతో శ్రద్ధగా కట్టి, తీరా 2 ఔన్సుల ప్లగ్గు విసిరితే రాడ్ వంగనే లేదు. రాడ్ వంగి నిటారుగా లేచినప్పుడే దాని బలం ప్లగ్గుకు అందుతుంది. అది వంగకపోతే భారమంతా విసిరేవాడి భుజం మీద పడుతుంది. “కొంచెం కోస్తే సర్దుకుంటుంది” అని ఆ దుకాణంలోనే ఎవరో చెప్పారట. బావగారు గ్యారేజీలో కూర్చుని, కొసకు టేపు చుట్టి, సన్నపళ్ల రంపంతో జానెడు ముక్క కోసేశారు. బ్లాంకులో సులువుగా వంగేది ఆ కొసే కదా, అది పోయాక మిగిలింది రోకలి. దానితోనే ఆ సీజనంతా విసిరారు. చలికాలం వచ్చేసరికి చొక్కా తొడుక్కోవడానికి కూడా కుడి చెయ్యి లేచేది కాదు. అక్కయ్యకు చెప్పవద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. నీ కోసం ఇప్పుడు చెబుతున్నాను. రోజంతా కంప్యూటరు ముందు వంగి కూర్చునే నీ భుజాలకు ఆ గతి పట్టకూడదు, నాయనా.

కాబట్టి ఊపి చూసి కొనవద్దు. బ్లాంకు మీద రాసిన ఔన్సుల అంకెలు చూడు. నువ్వు తరచుగా విసిరే బరువు ఆ రెండింటికీ నడుమ పడాలి, ఎర బరువు కూడా అందులో కలపాలి. మరీ మెత్తనిదీ వద్దు, వదిలేయవలసిన చేపను త్వరగా ఒడ్డుకు తేలేక దాని ప్రాణం మీదికి తెస్తావు. రెండు బ్లాంకుల మధ్య సందేహం వస్తే, మొదలును గుడ్డ చుట్టి బల్లకు అడ్డంగా బిగించి, కొసకు చిన్న సంచి వేలాడదీసి, బ్లాంకు పొడవులో మూడో వంతు, అంటే 10 అడుగులదైతే 40 అంగుళాలు, కొస కిందికి దిగేదాకా బరువు వెయ్యి. ఎక్కువ బరువు పట్టినదే గట్టి బ్లాంకు. విలియం హ్యానమన్ అనే ఆయన తేలికపాటి ఎరలు విసిరే సన్నని ఫ్లై రాడ్ల కోసం సెంటు నాణేలతో చేసిన పద్ధతి ఇది. సర్ఫ్ బ్లాంకుకు నాణేల బదులు సీసపు గుండ్లు వేసుకో.

గ్రాఫైట్ బ్లాంకు తేలికే గాని, బార్నిగాట్ దగ్గర సముద్రంలోకి కట్టిన జెట్టీ రాళ్లకు తగిలి చిన్న గాటు పడినా ఒకనాడు అక్కడే విరగవచ్చు. మొదటి రాడ్‌కు గ్రాఫైట్‌తో గాజు పీచు కలిసిన కాంపోజిట్ మేలు. గ్రాఫైట్‌లో విద్యుత్తు ప్రవహిస్తుంది, ఉరుము వినబడితే చేప తగిలి ఉన్నా సరే, రాడ్ వదిలేసి కారెక్కు. ఈ ఒక్క విషయంలో నాతో వాదించకు.

కారులో పట్టేలా రెండు ముక్కలది తీసుకో. కొసకు తొడిగే ఉంగరమైన టిప్‌టాప్ సైజును అంగుళంలో 64వ వంతుల్లో చెబుతారు, కొస మందాన్ని క్యాలిపర్‌తో కొలిచాకే కొను. రీలును బిగించే రీల్ సీటు స్థానానికి నీ చంక నుంచి చాచిన చేతి పిడికిలి దాకా కొలత కావాలి. అది నాకు రాసి పంపు. 13 అడుగుల దానికి ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే, పంపేలోగా రద్దు చేయించు.

ఇట్లు,
మామయ్య