పది నిమిషాలకే ఆగిపోతున్న వాక్యూమ్ క్లీనర్: తిరుపతిలోనే కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి కొర్లగుంట. సోఫా సందులు, కిటికీ మూలలు శుభ్రం చేసుకోవడానికి ఆన్‌లైన్‌లో నాలుగు వేలు పెట్టి చేతి వాక్యూమ్ క్లీనర్ కొన్నాను. 30 నిమిషాలు పనిచేస్తుందని ప్రకటనలో ఉంది. మొదటి రోజు నుంచీ పది నిమిషాలకే ఆగిపోతోంది. అడిగితే బ్యాటరీకి వారంటీ లేదంటున్నారు. గొడవేదైనా ఢిల్లీ కోర్టులోనే తేల్చుకోవాలట. కొత్తది కొనాలన్నా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: మీరు ఢిల్లీ వెళ్లక్కర్లేదమ్మా. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. కంపెనీ తన షరతుల్లో ఏం రాసుకున్నా ఆ హక్కు మీకుంటుంది. తిరుపతిలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వస్తువు ఖరీదు 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, లాయరును పెట్టుకోవాలన్న నియమమూ లేదు. సమస్య తలెత్తిన 2 సంవత్సరాల లోపు వేయాలి.

అసలు చిక్కు క్లీనర్ వచ్చిన అట్టపెట్టె మీద ఉంది. ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. ‘30 నిమిషాలు’ అన్న అంకె పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉందా? ఉంటే, అడుగున సన్నటి అక్షరాల్లో ‘ఎకో మోడ్‌లో’, అంటే తక్కువ వేగంలో అని ఉండొచ్చు. మోటారు వేగం పెంచితే ఛార్జి త్వరగా అయిపోవడం మామూలే. మీరు ఎప్పుడూ మ్యాక్స్‌లోనే, అంటే అత్యధిక వేగంలోనే వాడుతుంటే కేసు బలహీనమే. ఈ మాట ముందే చెప్పడం నా బాధ్యత. అలాంటి షరతు ఎక్కడా చెప్పకుండా 30 అని వేసి ఉంటే మాత్రం అది తప్పుదోవ పట్టించే ప్రకటన.

కాబట్టి పూర్తిగా ఛార్జి చేసి, తక్కువ వేగంలో పెట్టి, గోడ గడియారం కనబడేలా ఆగేదాకా ఒకే వీడియో తీయండి. ప్రకటన పేజీని ఇవాళే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, రేపు మార్చేయొచ్చు. వాడగా వాడగా నీరసించిన బ్యాటరీ వేరు, వచ్చినప్పుడే లోపమున్న బ్యాటరీ వేరు. రెండో దానికి ‘వారంటీ లేదు’ అన్న జవాబు చెల్లదు.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే అమ్మినవాళ్లకూ, కంపెనీకీ ఇద్దరికీ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, ఆ తర్వాత కమిషన్‌కు వెళ్లండి. ల్యాబ్ పరీక్ష అవసరమైతే 5 నెలల్లో, లేకుంటే 3 నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఇంకా ఆలస్యమవుతుంది, కాస్త ఓపిక పట్టాలి.

కొత్తది కొనేటప్పుడు సక్షన్ (దుమ్ము పీల్చే శక్తి) అంకెల కన్నా ముందు బ్యాటరీకి విడిగా ఎన్ని నెలల వారంటీ ఉందో, దాన్ని విప్పి మార్చుకునే వీలుందో లేదో చూడండి. తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఫిర్యాదుల నంబరు పెట్టె మీద ఉండి తీరాలి. అవి లేని సరుకు ఎంత చవకైనా వద్దు. చిరునామాయే లేకపోతే నోటీసు ఎవరికి పంపుతాం? గాంధీ రోడ్డులో ఏ షాపులోనైనా కొంటే అక్కడే ఆన్ చేయించి చూసుకుని, బిల్లు మీద మోడల్, సీరియల్ నంబర్లు రాయించుకోండి. బిల్లు ఇవ్వననడం కూడా ఈ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే.