చేప రెక్క కాలుగా మారిందంటారు. మరి మధ్యలో సగం రెక్క, సగం కాలు ఉన్న జంతువుకు దాంతో ఏం పని?

నేను జువాలజీ చదవలేదు. దేవరకొండ దగ్గర మా ఊళ్లో నాటుకోళ్లు పెంచుతాను. అయినా దీనికి జవాబు రాయడానికి నాకు రెండు అర్హతలున్నాయి. ఒకటి, పాడైపోయిన గుడ్లు పగలగొట్టి చూసిన అనుభవం. రెండోది, నా ఎడమ చేతికి రెండు బొటనవేళ్లు.

మొన్నటి ఎండాకాలం ఒక ఇంక్యుబేటర్ కొన్నాను. అమ్మినవాడు డబ్బులు చేతిలో పడేదాకా అన్నా అన్నా అన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తితే ఒట్టు. 37న్నర డిగ్రీల దగ్గర ఉండాల్సిన వేడి ఒక రాత్రి 42 దాటింది. తెల్లారేసరికి 120 గుడ్లు పోయాయి. వాటిని వేర్వేరు రోజుల్లో పెట్టాను కాబట్టి, ఏ పిల్ల ఎంతదాకా వచ్చిందో చూద్దామని పళ్లెంలో పగలగొట్టడం మొదలుపెట్టాను.

నాలుగు రోజులది గోరంత కూడా లేదు. వంకర తిరిగిన ఒళ్లు, తలకు మించిన నల్లటి కన్ను, తోక, పక్కన రెండు జతల బొడిపెలు. ఏది రెక్కో ఏది కాలో చెప్పలేం. అయిదు రోజుల దాంట్లో ఆ బొడిపె చదునై తెడ్డులా ఉంది. మా అమ్మ తొంగిచూసి, "ఏందిర, ఇది చేపపిల్ల లెక్కుంది" అంది. ఎనిమిది రోజుల పిల్లకు ఆ తెడ్డులో వేళ్లు తేలాయి, మధ్యలో పలచటి పొర. పదకొండు రోజుల దానికి ఆ పొర కూడా లేదు. అక్కడి కణాలు వాటంతట అవే చచ్చిపోతాయి. మన చేతివేళ్లు విడిపోయేదీ అలాగే.

కోడిపిల్ల గుడ్డులో ముందు చేపగా ఉండి తర్వాత కోడి అవుతుందని కాదు. అది పాతకాలపు పొరపాటు. కానీ చేప రెక్క కూడా ఇలాంటి బొడిపెతోనే మొదలవుతుంది. బొడిపె అంచున సన్నటి గట్టులాంటి చర్మం ఉంటుంది, 'ఇంకా పెరగండి' అని లోపలి కణాలను ఎగదోసేది అదే. 1948లో జాన్ సాండర్స్ అనే ఆయన కోడి పిండంలో ఆ గట్టు తీసేస్తే రెక్క మొండిగా ఆగిపోయింది. ఎంత ముందు తీస్తే అంత మొండి. చేపలో ఆ గట్టు తొందరగానే మడతపడి పలచగా సాగుతుంది, అందులో ఈనెలు, అంటే రెక్కను నిలబెట్టే సన్నటి పుల్లలు వస్తాయి. మనలో మడతపడదు, అందుకే లోపల ఎముకల వరస సాగుతూ పోతుంది. ఒంట్లో ఎక్కడ ఏ భాగం రావాలో చెప్పే జన్యువుల్లో హాక్స్ 13 రకం ఉన్నాయి. ఎలుకలో వాటిని తీసేస్తే వేళ్లు రావు. 2016లో నీల్ షుబిన్ అనే శాస్త్రవేత్త బృందం జీబ్రా చేపలో వాటినే తీసేస్తే ఈనెలు కుంచించుకుపోయి, లోపలి చిన్న ఎముకలు ఎక్కువయ్యాయి. చేపకు ఈనెలు చేసే సరంజామాతోనే మనకు వేళ్లు తయారవుతున్నాయి. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? మా ఊళ్లో ఇంటర్ పిల్లలకు గైడులో చేప రెక్కకు 'వాజము' అనే మాట బట్టీ పట్టిస్తారు గానీ ఒక్క గుడ్డు పగలగొట్టి చూపించరు.

ఇక మీరు అడిగిన సగం కాలు. 2004లో కెనడా ఉత్తరాన దొరికిన టిక్టాలిక్ అనే చేప శిలాజం 37.5 కోట్ల ఏళ్ల నాటిది. దాని రెక్క లోపల భుజం, మోచేయి, మణికట్టు లెక్క ఎముకలు, చివర మాత్రం చేప ఈనెలు. ఆ తర్వాతి కాలపు అకాంతోస్టెగా అనే జంతువుకు ముందు కాలికి ఎనిమిది వేళ్లు, అయినా మొప్పలు పోలేదు, బతుకంతా నీళ్లలోనే. అంటే కాళ్లు నేల మీదికి రాకముందే వచ్చాయి. తక్కువ లోతు నీళ్లలో, నాచులో అడుగును నెట్టుకుంటూ పోవడానికి ఆ సగం కాలు చాలు. డిండి కట్ట దగ్గర కొర్రమీను పాకడం చూసి అదే మన తాత అనేవాళ్లకు ఒక మాట. కొర్రమీనుది ఈనెల రెక్కల వంశం, మనది కండ రెక్కల వంశం. పులుసు పెట్టుకోండి, తద్దినం పెట్టకండి.

అసలు నేను చెప్పాలనుకున్నది నా బొటనవేలు సంగతి. సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే జన్యువు ఆ బొడిపెలో చిటికెనవేలు వైపే పనిచేయాలి. దాన్ని ఎక్కడ ఆన్ చేయాలో చెప్పే స్విచ్ లాంటి డీఎన్‌ఏ ముక్క, జన్యువుకు దాదాపు 10 లక్షల డీఎన్‌ఏ అక్షరాల దూరంలో ఉంటుంది. అందులో ఒక్క అక్షరం తేడా వచ్చినా బొటనవేలు వైపు కూడా జన్యువు ఆన్ అయి, ఇంకో బొటనవేలు మొలవొచ్చు. 2016లోనే ఎలుకకు పాము స్విచ్ పెట్టి చూశారు, కాళ్లు మొండిగా మిగిలాయి. చేప స్విచ్ పెడితే మామూలు కాళ్లే వచ్చాయి! నా వేలికీ ఆ స్విచ్చే కారణమై ఉండొచ్చు. టెస్ట్ చేయించలేదు కాబట్టి గట్టిగా చెప్పలేను.

మా నాయనమ్మ మాత్రం, గ్రహణం నాడు అమ్మ కత్తిపీట ముట్టడం వల్లే ఇలా పుట్టానని బతికినన్నాళ్లూ సాధించింది. ఆ రోజు పళ్లెం ముందు కూర్చుని అమ్మకు ఇదంతా చెప్పాను. అమ్మ ఆ తెడ్డు చేతులను, నా చేతిని మార్చి మార్చి చూసి, "గీ ముచ్చట మీ నాయనమ్మ ఉన్నప్పుడు చెప్పకపోతివిర" అని పళ్లెం తీసుకుని పెంటకుప్ప దిక్కు పోయింది.