పార్షియల్ అప్లికేషన్‌కి ఖాళీ గుర్తు పెట్టండి, ఆటో కర్రీయింగ్ వద్దు

భీమవరం నుంచి, ప్రాజెక్టు కోసం సొంత భాష రాస్తున్నవారు అడిగారు: రొయ్యల కొనుగోలు ప్రోగ్రాంలో కాటా.బిల్లు(కౌంట్, కిలోలు, రేటు) అనే మెథడ్‌కి కౌంటూ (కిలోకి ఎన్ని రొయ్యలో ఆ లెక్క) రేటూ ముందే ఇచ్చేసి, తూకం అయ్యాక కిలోలు ఇవ్వాలి. ఇలా కొన్ని ఆర్గ్యుమెంట్లు ముందే ఇచ్చి ఉంచడమే పార్షియల్ అప్లికేషన్. ఆర్గ్యుమెంట్లు తక్కువైతే దానంతటదే మిగతావి అడిగే ఫంక్షన్ తిరిగొచ్చేలా (ఆటో కర్రీయింగ్) చేయనా అని.

చేయకండి. హాస్కెల్ భాషలో అది నడుస్తుందంటే కారణం, అక్కడ ఆర్గ్యుమెంట్లకి డిఫాల్ట్ విలువలు లేవు, ఆర్గ్యుమెంట్ల సంఖ్యని బట్టి ఓవర్‌లోడింగూ (ఒకే పేరుతో వేర్వేరు మెథడ్లు) లేదు. మీ భాషలో రెండూ ఉన్నాయి. బిల్లు(30, 250) అంటే రేటుకి డిఫాల్ట్ వాడమన్నట్టా, పార్షియల్ అన్నట్టా, మూడోది మర్చిపోయినట్టా? మర్చిపోయినా ఎర్రర్ రాదు. చేతికొచ్చిన ఫంక్షన్ ఎక్కడో బిల్లు ప్రింటయ్యే చోట పేలుతుంది.

అండర్‌స్కోర్‌ని ఖాళీ గుర్తుగా పెట్టండి:

లెక్క = కాటా.బిల్లు(30, _, ఈరోజు_రేటు(30))

పార్సర్‌కి ఇది సులువే. కష్టమంతా దీన్ని మామూలు కోడ్‌గా ఎలా విప్పుతారన్న దగ్గరే ఉంది. నేరుగా లాంబ్డాగా (పేరులేని ఫంక్షన్‌గా) మార్చేస్తే లెక్క(120), లెక్క(85) అని పిలిచిన ప్రతిసారీ ఈరోజు_రేటు మళ్లీ నడుస్తుంది. మధ్యలో రేటు మారితే ఒకే లోడుకి రెండు రేట్లు పడతాయి. అందుకని ఇలా విప్పండి:

త1 = కాటా
త2 = ఈరోజు_రేటు(30)
లెక్క = (క) => త1.బిల్లు(30, క, త2)

చుక్కకి ముందున్న ఆబ్జెక్ట్‌ని కూడా త1లో పట్టుకున్నాం, గమనించండి. చాలామంది వదిలేసేది ఇదే. తర్వాత కాటా వేరియబుల్‌లో ఇంకో ఆబ్జెక్ట్ పెట్టినా లెక్క పాతదాన్నే వాడాలి. పట్టుకునేటప్పుడే కాటా నల్ (ఖాళీ) అయితే అక్కడికక్కడే ఎర్రర్ ఇవ్వండి. జావాలో కాటా::బిల్లు అని రాసే మెథడ్ రిఫరెన్స్ చేసేది అదే, లాంబ్డా అయితే పిలిచేదాకా చెప్పదు. త1 పట్టుకున్నది రిఫరెన్సే, కాపీ కాదు. కాబట్టి లోపలి ఫీల్డులు మారితే ఆ మార్పు కనిపిస్తుంది, అది సరైనదే.

ఖాళీ ఏ కాల్‌కి చెందుతుంది? అతి దగ్గరి బ్రాకెట్లకి. ఎఫ్(జి(_)) అంటే ఎఫ్‌కి ఒక ఫంక్షన్ ఇచ్చినట్టు. వేరేలా కావాలంటే లాంబ్డా రాసుకోమనండి. ఓవర్‌లోడ్ ఎంపికలో ఖాళీలనీ లెక్కపెట్టండి, పై ఉదాహరణలో మూడు ఆర్గ్యుమెంట్లు. అప్పటికీ రెండు మెథడ్లు సరిపోతే _: ఫ్లోట్ అని టైపు రాయమని అడగండి, ఊహించకండి.

పార్షియల్‌ని క్లాసులో మెథడ్‌గా పెట్టినప్పుడు ఏమవుతుందో కూడా ముందే తేల్చుకోవాలండి. పైథాన్‌లో ఫంక్‌టూల్స్ లైబ్రరీలోని పార్షియల్‌ని అలా పెడితే సెల్ఫ్ (ఏ ఆబ్జెక్ట్ మీద పిలిచామో అది) అందేది కాదు, 3.4లో విడిగా పార్షియల్‌మెథడ్ తెచ్చారు, 3.14లో పార్షియలే మెథడ్‌లా నడిచేలా మార్చారు. అదే 3.14లో ఖాళీ గుర్తు కూడా వచ్చింది.

చివరిగా ఈక్వాలిటీ, అంటే రెండు పార్షియల్స్ ఒకటేనా అని పోల్చడం. జావాస్క్రిప్ట్‌లో ఇలా ముందే ఆర్గ్యుమెంట్లు కట్టే బైండ్ ప్రతిసారీ కొత్త ఫంక్షన్ ఇస్తుంది, అందుకే లిజనర్‌ని (క్లిక్ లాంటివి జరిగితే నడిచే ఫంక్షన్‌ని) తీసేటప్పుడు మళ్లీ బైండ్ చేసి ఇస్తే అది తొలగదు. మీరూ ఐడెంటిటీతోనే (రెండూ అదే ఆబ్జెక్టా అని) పోల్చండి. తీసేయాల్సిన దాన్ని వేరియబుల్‌లో దాచుకోమని డాక్యుమెంటేషన్‌లో రాయండి.