సంతకం ఎవరిదో చూసి ఓటెయ్యి

మల్లేశ్వరం, బెంగళూరు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

"మెస్ ఖర్చు పెరిగిందని అడిగితే ఢిల్లీ వాళ్లు బెంగళూరును, బెంగళూరు వాళ్లు ఢిల్లీని చూపిస్తున్నారు. ఓటు ఎవరి మీద తేల్చుకోను మామయ్యా?" అన్నావు. నిన్నంతా అదే ఆలోచన.

ఈ గందరగోళంలో నేనూ ఒకసారి పొరపాటు చేశాను. 2018లో ఇక్కడ కాంగ్రెస్, జేడీఎస్ సంకీర్ణం ఉండేది. ఆ జులై బడ్జెట్లో పెట్రోలు మీద పన్ను 30 శాతం నుంచి 32కు, డీజిల్ మీద 19 నుంచి 21కి పెరిగింది. బంకులో స్కూటర్ పక్కకు తీసి, రసీదు రెండుసార్లు చూసుకున్నాను. ఆ కోపం 2019 లోక్‌సభ ఓటులో తీర్చుకున్నాను. అది ఢిల్లీకి పంపే ఓటు! రాష్ట్రం వేసిన పన్నుకు అక్కడ లెక్క తేల్చాను.

అందుకే ముందు ఆర్థిక శాఖ ఎవరి చేతిలో ఉందో చూడు. అప్పుడది జేడీఎస్‌కు చెందిన ముఖ్యమంత్రి దగ్గరే ఉంది. కాబట్టి పెద్ద వాటా ఆయన పార్టీది. అలాగని భాగస్వామిని వదిలెయ్యకు, బడ్జెట్‌ను గట్టెక్కించింది వాళ్ల మద్దతే కదా. చెరి సగం అనుకుంటే మాత్రం ఇద్దరూ జారుకుంటారు.

1993లో పావెల్, విట్టెన్ అనే ఇద్దరు పరిశోధకులు 19 దేశాల ఎన్నికలు చూసి ఇదే చెప్పారు. బాధ్యత ఎవరిదో తేటగా ఉన్నచోట ఓటరు ఆర్థిక పరిస్థితిని చూసి పాలకులకు గట్టిగా తీర్పు చెబుతాడు. అధికారం పంచుకున్నచోట ఆ పట్టు సడలుతుంది. 2024 జూన్‌లో ఇక్కడ పెట్రోలు పన్ను 25.92 నుంచి 29.84 శాతానికి పెరిగినప్పుడు రాష్ట్రంలో ఉన్నది ఒకే పార్టీ. వేలు చూపడానికి భాగస్వామి లేడు.

జీఎస్టీ దగ్గరే చిక్కు. నీ మెస్ బిల్లు మీది 5 శాతం జీఎస్టీ మండలి తేల్చింది. అందులో కేంద్రం ఓటు మూడో వంతు, మిగతా రెండు వంతులు రాష్ట్రాలవి, నెగ్గాలంటే నాలుగింట మూడు వంతులు కావాలి. అక్కడ "మాకేం సంబంధం" అనే హక్కు ఎవరికీ లేదు.

గల్లాపెట్టె పక్కనుండే ఖర్చుల పుస్తకంలో చివరి పేజీకి గళ్లు గియ్యి. ఏది పెరిగింది, ఎంత, ఏ తేదీ, ఎవరి ఉత్తర్వు. వానలకు పంట పోయి ఉల్లిపాయ పెరిగితే ఆఖరి గడి ఖాళీగా వదిలెయ్యి.

ఆదివారం భోజనానికి వస్తాను. కరెంటు బిల్లులు కూడా తీసిపెట్టు, కూర్చుని రాద్దాం.

మీ మామయ్య