గ్లాసు ఓ సాకు మాత్రమే

పిల్లాడు నీళ్ల గ్లాసు ఒలకబోస్తే ఇల్లెగిరిపోయేలా అరిచాను, పది నిమిషాలకే సిగ్గేసింది అన్నారు కదా. నాదీ ఒకప్పుడు అదే బాపతు.

ముందు ఒకటి చూడండి: ఆ అరుపు నిజంగా గ్లాసు గురించేనా? నిద్ర చాలకపోవడం, ఆకలి, ఆఫీసు టెన్షన్ లోపల పేరుకుని ఉంటాయి. ఓ వారం పాటు కోపం వచ్చిన ప్రతిసారీ టైము, అంతకు గంట ముందు ఏం జరిగిందో రాసుకోండి. నా కోపాలన్నీ సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టిన అరగంటలోనే అని అలాగే తేలింది. అప్పట్నుంచి మొహం కడుక్కుని, కాసేపు ఒంటరిగా కూర్చున్నాకే మాటలు.

కోపం నోటికన్నా ముందు ఒంట్లో తెలుస్తుంది. అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది. నాకైతే దవడ బిగుసుకుని చెవులు వేడెక్కుతాయి. మీ గుర్తేంటో కనిపెట్టండి. అది కనబడగానే "ఐదు నిమిషాల్లో వస్తా" అని చెప్పి పక్క గదిలోకి వెళ్లండి. చెప్పకుండా వెళ్తే అలిగారనుకుంటారు. ఊపిరి తీసుకున్న దానికన్నా నెమ్మదిగా వదలండి. అక్కడ కూర్చుని జరిగిందే నెమరేస్తే మాత్రం ఇంకా ముదురుతుంది. దిండును గుద్దే చిట్కా కూడా దండగే.

ఈ చిరాకు ఈమధ్యే మొదలైతే థైరాయిడ్ పరీక్ష చేయించండి, ఆ గ్రంథి అతిగా పనిచేసినా ఇలా అవుతుంది. చేయి లేచేదాకా వెళ్తోందంటే మాత్రం ఆలస్యం చేయకుండా సైకాలజిస్టును కలవండి.

అన్నట్టు, పిల్లాడికి సారీ చెప్పారా? "కానీ నువ్వు కూడా..." అనే తోక తగిలించకుండా?