నాలుగు సర్వర్లకు రెండు కేబుళ్లా, రెండేసి కేబుళ్లా?

సందేహం: మా కాలేజీ సర్వరు గదిలో స్టోరేజ్ పెట్టెను (డిస్కులుండే పెట్టె) మధ్యలో స్విచ్ (ఒక పోర్టును చాలా సర్వర్లకు పంచే పరికరం) లేకుండా సాస్ కేబుళ్లతో (డిస్కుల డేటాను మోసే తీగలు) సర్వర్లకు కలుపుతున్నాం. పెట్టెలో డిస్కులను నడిపే కంట్రోలర్లు రెండు, ఒక్కోదానికి నాలుగు పోర్టులు. కేబుళ్లు పెట్టేవాళ్ల కోసం ఇలా రాశాను: “నాలుగు సర్వర్లకు రెండు కేబుళ్లు ఏ కంట్రోలరుకు, బీ కంట్రోలరుకు ఒకటో పోర్టు నుంచి ప్రత్యక్షంగా కలపాలి.” ఇందులో ‘ప్రత్యక్షంగా’ సరైన మాటేనా? ‘సూటిగా’ అనాలా? – ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: రెండూ వద్దు, ‘నేరుగా’ అనండి. ప్రత్యక్షం అంటే కంటి ఎదుట ఉన్నది; మీ ఊళ్లో ఆ మాట ఎవరికి చెల్లుతుందో నేను చెప్పక్కర్లేదు. ‘సూటిగా’ అంటే వంకర లేకుండా అని. అది చదివి కేబుల్‌ను బిగలాగితే బరువంతా కనెక్టరు మీద పడుతుంది. తిరుపతి నుంచి చిత్తూరుకు నేరుగా వెళ్లే బస్సంటే దారిలో మలుపులు లేవని కాదు గదా, మధ్యలో దిగి మారే పని లేదని. మీరు చెప్పదలచిందీ అదే.

అసలు చిక్కు మీరు అడగని మాటల్లో ఉంది. ‘నాలుగు సర్వర్లకు రెండు కేబుళ్లు’ అంటే మొత్తం రెండే అనుకోవచ్చు. లడ్ల కౌంటరు దగ్గర ‘నలుగురికి రెండు’ అంటే రెండే చేతికొస్తాయి. ‘నలుగురికి రెండేసి’ అంటే ఎనిమిది. ఈ ‘ఏసి’ని తెలుగు ఊరికే పెట్టుకోలేదు. ‘సర్వరుకు రెండు చొప్పున’ అన్నా సరిపోతుంది. రెండేసి లెక్కన ఎనిమిది కేబుళ్లు, ఎనిమిది పోర్టులు, అన్నీ నిండిపోతాయి. ఐదో సర్వరు వచ్చే మాటుంటే ఇప్పుడే స్విచ్ సంగతి ఆలోచించుకోవాలి.

రెండో చిక్కు ‘ఏ’. ఇంగ్లీషు అక్షరమనుకుని మీరు రాశారు, తెలుగు కన్ను దాన్ని ప్రశ్నగా చదువుతుంది. చీటీ మీద ‘ఏ కంట్రోలరుకు’ అని ఉంటే ‘ఏదానికి?’ అని అడుగుతారు, లేదా ఏదైనా ఫరవాలేదనుకుని రెండు కేబుళ్లూ ఒకే కంట్రోలరులో గుచ్చుతారు. ఆ రోజుకు అంతా బాగానే నడుస్తుంది. ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) మార్చడానికి ఆ కంట్రోలరును రీస్టార్ట్ చేసినప్పుడు మాత్రం సర్వరుకు డిస్కులు మాయమవుతాయి. కాబట్టి అక్షరాన్ని వెనక్కి నెట్టి ‘కంట్రోలర్-ఏ’, ‘కంట్రోలర్-బీ’ అని రాయండి.

‘ఒకటో పోర్టు’ కూడా అలాంటిదే. చాలా పరికరాల్లో పోర్టుల అంకెలు 0 నుంచి మొదలవుతాయి. ఒకటోది అంటే వరసలో మొదటిదా, 1 అని రాసి ఉన్నదా? పరికరం మీద అచ్చయిన అంకెనే ‘పోర్టు 0’ అని ఎత్తి రాయండి. పైగా మీ వాక్యం ప్రకారం నాలుగు సర్వర్లూ ఒకే పోర్టుకు ఎగబడాలి.

అంకెలు 0 నుంచి మొదలైతే వాక్యం ఇలా ఉండొచ్చు: “నాలుగు సర్వర్లకు రెండేసి, మొత్తం ఎనిమిది కేబుళ్లు. మొదటి సర్వరు నుంచి ఒకటి కంట్రోలర్-ఏ పోర్టు 0లోకి, మరొకటి కంట్రోలర్-బీ పోర్టు 0లోకి నేరుగా వెళ్లాలి. రెండో సర్వరుకు రెండు వైపులా పోర్టు 1, మూడోదానికి 2, నాలుగోదానికి 3.” కేబుల్ రెండు కొసలకూ ఇదే చీటీ అంటించండి. సర్వరులో మల్టీపాత్ (రెండు దారులూ ఒకే డిస్కువని గుర్తించే సాఫ్ట్‌వేర్) కూడా పెట్టించాలి. అది లేకపోతే రెండు దారుల్లో కనిపించే ఒకే డిస్కు రెండు డిస్కులుగా కనబడుతుంది.

ఇక కేబుళ్ల కొనుగోలు కాగితంలో ‘దూరం’ అని రాయకండి, ‘పొడవు’ అనండి. ర్యాకుల (సర్వర్లు పేర్చే బీరువాల) మధ్య దూరం 2 మీటర్లే కావచ్చు. కేబుల్ మాత్రం ఒకవైపు 1.5 మీటర్లు పైకెక్కి, 2 మీటర్లు అడ్డంగా పోయి, మళ్లీ 1.5 మీటర్లు దిగాలి. రెండు కొసల వదులుకు అర మీటరేసి కలిపితే 6 మీటర్లు. 3 మీటర్లది తెస్తే అందదు, రాగి సాస్ కేబుల్‌ను అతుకుపెట్టీ సాగదీయలేం. మరీ పొడుగువి రాగిలో దొరకవు కూడా, అందుకే స్టోరేజ్ పెట్టెను సర్వర్లున్న ర్యాకులోనే పెట్టగలిగితే మంచిది.

‘కేబుళ్లు’ అని మీరు రాసింది సరైనదే, టేబుల్–టేబుళ్లు లాగే.